అత్తయ్య ఒళ్ళో ఊడిపడ్డ పిడి

అన్నయ్యా,

కొత్త కారు క్షేమం, మేమూ క్షేమం. నువ్వు చెప్పినట్టే పూర్తి ఇన్సూరెన్స్ కట్టాం. ఆ మొత్తం విని ఆయన, "ఇది కారుకా, ఏనుగుకా?" అని నోరెళ్ళబెట్టారు.

మొన్న అత్తయ్యకు కళ్ళ పరీక్ష. ఆయనకు సెలవు దొరకలేదు. నా డ్రైవింగ్ మీద బొత్తిగా నమ్మకం లేకపోయినా, గత్యంతరం లేక ఆవిడ నా పక్కన కూర్చుంది. మలుపులో లారీ ఎదురొచ్చింది. నేను బ్రేకు తొక్కాను, అత్తయ్య తలుపు పిడి పట్టుకుని గుంజింది. కారు బుద్ధిగా ఆగింది. తలుపు లోపలి ప్లాస్టిక్ పలక మాత్రం పిడితో సహా ఊడి ఆవిడ ఒళ్ళో పడింది! ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వాం.

ఇన్సూరెన్స్ ఏజెంటుకు ఫోన్ చేస్తే, "ఇంతదానికి క్లెయిమ్ పెడితే వచ్చే ఏడు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు పోతుందమ్మా. విరిగిన క్లిప్పులు కొనుక్కుంటే చాలు" అన్నాడు. కొన్నాను. అత్తయ్య పలక పట్టుకుంది, నేను గట్టిగా నొక్కాను, అది టక్కుమని తన చోట కూర్చుంది.

సంగతి తెలిసి ఆయన, "ఇకనుంచి అమ్మను నేనే తీసుకెళ్తా" అన్నారు.

"నువ్వూ రా నాయనా, వెనక కూర్చుందువుగాని" అంది అత్తయ్య.

ఆదివారం అందరం మీ ఇంటికి వస్తున్నాం. నడిపేది నేనే. గేటు రెండు రెక్కలూ బార్లా తీసి ఉంచమని వదినకు చెప్పు.

నీ చెల్లెలు