బుధవారం మన ఇంట్లో ప్రార్థన

కర్నూలు, గురువారం

అమ్మా, దేవుని దయవల్ల నేను బాగున్నాను. నాన్న నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి నీకు ఈ కార్డు రాస్తున్నాను.

నేను అబద్ధం చెప్పలేదని నాన్నకు చెప్పు. ఏ వారం ఎవరింట్లో ప్రార్థనో సంఘంలో అందరూ ఫోన్లో చూసుకుంటారని, వెబ్ పేజీలు నేర్పే పుస్తకం చూసి ఒక పేజీ తయారు చేశాను. కంప్యూటర్లో చక్కగా వచ్చింది. దాని పైన కనపడిన అడ్రసే నాన్నకు పంపాను. ఆదివారం చర్చిలో ఆయన అందరిచేత ఫోన్లు తీయించాడట, ఎవరికీ తెరుచుకోలేదట. "పదిమందిలో నా మర్యాద తీసినావు గదమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

నేను పనిచేసే నెట్ సెంటర్ యజమాని రసూల్ సాహెబ్‌ను అడిగితే నవ్వాడు. "ఆ పేజీ ఈ కంప్యూటర్లోనే ఉండాది. లోపల గడియ పెట్టుకోని, చుట్టాలు రాలేదంటే ఎట్లమ్మా?" అన్నాడు. ఊరందరికీ కనపడేలా పెట్టడం పుస్తకంలో చివరి పాఠం. నేను ఇంకా ఐదో పాఠంలో ఉన్నాను.

మేక ఈనిందా? చెల్లెలు క్రిస్టినాకు దగ్గు తగ్గిందా? కొర్రబియ్యం పంపొద్దు, ఒక్కదానికని వండుకోవడం లేదు. ఎవరైనా ఇటు వస్తుంటే నా దుప్పటి పంపు.

వచ్చే బుధవారం ప్రార్థన మన ఇంట్లో అని ఆ పేజీలో ఉంది. రోజూ దాన్ని చూసేది నేనొక్కదాన్నే. ఆ రోజు ప్రార్థనలో నాన్న అందరి పేర్లూ చెప్పేటప్పుడు నా పేరు వదిలేస్తే, నువ్వు చెప్పు.

ఇంట్లో అందరికీ వందనాలు.

స్తుతి