పీతగారి సొంతూరు

ఖరగ్‌పూర్,
జూన్ 3

ఏంజలిన్ మేడమ్ గారికి,

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుంచి తవిటయ్య నమస్కారాలు. వర్క్‌షాపులో ఫిట్టర్‌గా రిటైరయి, కొడుకు ఉమాశంకర్ క్వార్టర్‌లో ఉంటున్నాను. మొన్న మీరు కలకత్తా నుంచి మా తెలుగు బడికి వచ్చి పీతల గురించి చెప్పినారు కదా, ముందు వరసలో కునుకు తీసిన ముసలోణ్ణి నేనే. కళ్ళు మూసినాను గానీ చెవులు మూయలేదు.

పీత దొరికితే పంపమన్నారు. సీసాలో స్పిరిట్ పోసి పంపుతున్నాను. మీరిచ్చిన ఫారం కూడా నింపినాను. ఫోనులో నాకు మాట సరిగ్గా వినపడదు, ఏదున్నా ఉత్తరమే రాయండి.

విధేయుడు,
తవిటయ్య

తా.క. 'ఊరు, జిల్లా' గడి నా సర్వీసు పుస్తకం చూసి అక్షరం పొల్లుపోకుండా రాసినాను. ముప్పై ఎనిమిదేళ్ళు రైల్వేలో చేసినోడు ఫారంలో తప్పు రాయడు.

కలకత్తా,
జూన్ 10

తవిటయ్య గారికి నమస్కారం.

మీ పీత చేరింది. అది చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఇది గంగ పల్లపు నేలల్లో తిరిగే రకం. మీరేమో శ్రీకాకుళం జిల్లా, కొండగెడ్డవలస అని రాశారు. ఊరెళ్ళినప్పుడు పట్టి తెచ్చారనుకుంటాను. అంత దక్షిణాన దీన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు.

సముద్రపు పీతల పిల్లలు అలల మీద ఎంత దూరమైనా పోతాయి. మంచినీటి పీతకు ఆ యోగం లేదు. తల్లి గుడ్లను పొట్టకింద మోసి, నడిచే పిల్లల్నే వదులుతుంది. సముద్రం దాటలేదు, పుట్టిన వాగు వదిలి దూరం పోలేదు. అందుకే ఏ రకం ఎక్కడుందో చూసి, ఒకప్పుడు ఏ నేల ఏ నేలతో కలిసి ఉండేదో చెప్తాం. దాన్ని ఏ కుటుంబంలో చేర్చాలన్నా మేము ముందు ఊరే చూస్తాం.

నాది తాత్కాలికపు ఉద్యోగం. జూలై ఆఖరులోగా కొత్త సంగతి ఏదైనా చూపిస్తేనే పొడిగిస్తారు. అందుకే మీ ఊరు వెళ్తున్నాను. అక్కడ ఎవరిని కలవాలో రాయండి.

ఉంటాను,
ఏంజలిన్

తా.క. మాది బాపట్ల. నేనీ చదువులో చేరాక మా ఇంట్లో పీతల కూర మానేశారు, పళ్ళెంలో కాళ్ళు లెక్కపెడుతున్నానని.

ఖరగ్‌పూర్,
జూన్ 17

అమ్మా ఏంజలిన్,

మీ ఉత్తరం మా ఇంటిది జోగమ్మకి రెండుసార్లు చదివి వినిపించినాను. దాని పుట్టిల్లు కూడా ఆ ఊరే. మోకాళ్ళ నొప్పులతో అక్కడికి వెళ్ళక పదకొండేళ్ళయింది. అక్కడ దాని అన్నకొడుకు దేముడు, అతని భార్య నీలవేణి ఉన్నారు. వాళ్ళింట్లోనే దిగండి. మీ రైలు ఖరగ్‌పూర్‌లో ఆగినప్పుడు ఉమాశంకర్ మిహిదానా మిఠాయి పొట్లాలు అందిస్తాడు, వాళ్ళకివ్వండి.

మాకు ఉద్యోగమిచ్చే ముందు పోలీసులు సొంతూరికెళ్ళి విచారణ చేసేవోళ్ళు. పీతకి కూడా ఆ విచారణ ఉంటాదని ఇప్పుడే తెలిసింది.

మీ మేలు కోరే,
తవిటయ్య

తా.క. ఊళ్ళో ఎవరైనా పీత నడవడిక గురించి చెడ్డగా చెప్తే నమ్మకండి. మా ఇంటిపేరు గిట్టనోళ్ళు అక్కడ ఇద్దరున్నారు.

కలకత్తా,
జూలై 9

తవిటయ్య గారికి,

నాలుగు రోజులు మోకాలి లోతు బురదలో తిరిగాను. మీ పీతలాంటిది ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ దక్షిణాది పొలం పీతలే, అందరికీ తెలిసినవే. కొండవాగులో, వాళ్ళ మాటలో గెడ్డలో, ఎర్ర డెక్కల పీత ఒకటుంటుందని, వాన పడితేగానీ బయటికి రాదని దేముడు చెప్పాడు. అలాంటిది ఏ పుస్తకంలోనూ లేదు. ఆ వాన నేను బయల్దేరే పూట పడింది. నా సెలవు అయిపోయింది, రైలెక్కేశాను.

దేముడు ఇంకో మాట కూడా అన్నాడు. "మావఁ ఈ ఊరొచ్చి ఇరవయ్యేళ్ళు దాటిపోనాది. ఈ పీతనెప్పుడు పట్టినాడు?"

మీరే చెప్పండి, ఏ పొలంలో, ఏ గట్టున పట్టారు? కోపంతో అడగడం లేదు, దిగులుగా ఉంది. ఇంక మూడు వారాలే ఉన్నాయి.

ఏంజలిన్

తా.క. నీలవేణిగారు జోగమ్మగారికని కట్టిచ్చిన తడిగోనె మూట ప్లాట్‌ఫారం మీద ఉమాశంకర్‌గారికి అందించాను. ఆ రైల్లో ఎలుకలు ఎక్కువ. దారి పొడుగునా బెర్త్ కింద గీకుతూనే ఉన్నాయి.

ఖరగ్‌పూర్,
జూలై 13

తల్లీ ఏంజలిన్,

పీతని మా క్వార్టర్ వెనక కొళాయి దగ్గర పట్టినాను. మా తాత ఇక్కడ రైల్వేలో కళాసీగా చేరిననాడు ఏ ఊరు రాసినాడో, మా నాన్న అదే రాసినాడు. ఖరగ్‌పూర్‌లో పుట్టిన నేనూ అదే రాసినాను, నా కొడుకూ అదే. మా లైన్లో ఏ ఇంట్లో అడిగినా అంతే, ఎవడి ఫారంలోనూ ఖరగ్‌పూర్ ఉండదు. మా కొళాయి కింద బతికిన పీతకి మాది కాని వేరే ఊరు రాయడానికి నాకు మనసొప్పలేదు. దానికోసం మిమ్మల్ని బురదలో తిప్పినాను. తప్పు నాదే, సిగ్గుగా ఉంది.

ఇంక మూట సంగతి. అవి ఎలుకలు కావు తల్లీ. ఏడు పీతలు, ఎర్ర డెక్కలవి. వానకి గెడ్డ పొంగితే నీలవేణి ఏరినాదట. మేడమ్‌కెందుకు చెప్పలేదని మావోడు ఫోన్లో అడిగితే, ఆఫీసరుగారికి కూర సరుకు ఏటి చూపిస్తామని ఊరుకున్నాదట.

మీ ఉత్తరం వచ్చేసరికి ఆరు అయిపోయినాయి. పదకొండేళ్ళకి జోగమ్మ పుట్టింటి పీతల పులుసు తిన్నాది. ఆ పూట మోకాళ్ళ మాటే ఎత్తలేదు. ఏడోదాని పొట్టకింద పిల్లలుంటే, "పిల్లలతల్లిని పొయ్యెక్కించను" అని సిమెంటు తొట్టిలో వదిలినాది. ఇప్పుడు తొట్టినిండా మినపగింజలంత పీతలు నడుస్తున్నాయి. ఆదివారం తల్లినీ పిల్లల్నీ ఉమాశంకర్ క్యాన్‌లో పట్టుకొస్తాడు. మీ ఉద్యోగం నిలబడితే మా ఇద్దరికీ నిద్ర పడుతుంది.

మీ ముసలి ఫిట్టర్,
తవిటయ్య

తా.క. కొత్త ఫారం జతచేసినాను. మీరు నేర్పిన పాఠం మరిచిపోలేదు. ఈసారి 'ఊరు, జిల్లా' గడిలో సొంతూరు రాయనే లేదు. పీత ఎక్కడ దొరికిందో అదే రాసినాను: కొళాయి వెనక తొట్టి, న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్.