పెరుమాళ్సామిగారి నీలం కుర్చీ

ఇందుమూలముగా సమస్త జనులకు తెలియజేయడమేమనగా: కోవిల్‌పట్టిలో మా చెల్లెలి కడలమిఠాయి (వేరుశనగ చిక్కీ) షెడ్డు వాకిట వేసియున్న నీలంరంగు ప్లాస్టిక్ కుర్చీ, దాని వీపున వేలాడు తుండుగుడ్డతో సహా, నేటి నుండి ఎవరికీ చెందదు. అందులో పిల్లి పడుకొనవచ్చును. బెల్లం బుట్ట పెట్టుకొనవచ్చును. ముదలాలి, అంటే యజమాని, కోసం వచ్చినవారు మాత్రం దానివైపు తిరిగి నమస్కారం పెట్టరాదు. ఇది శాసనము.

కోవిల్‌పట్టి,
బుధవారం.

మహిళా పరిశ్రమల ప్రోత్సాహక అధికారివారి సముఖమునకు,

విషయం: వేరుశనగలు వేయించే ఉమ్మడి షెడ్డుకు అధ్యక్షుడుగా ఎన్నికైన పెరుమాళ్సామి అనువారిని తొలగించి, ఆ స్థానంలో మా చెల్లెలు సుధాలక్ష్మిని నియమించమని కోరుట.

అయ్యా,

నా పేరు చౌడయ్య. ఎనిమిదో క్లాసు తప్పి, మళ్లీ ప్రయత్నం చేయనివాడను. ఊళ్లో నాకు మంచి పేరు లేదు. కడంబూరు పోవలసిన టౌన్ బస్సుకు కయత్తారు బోర్డు తగిలించి జనాన్ని సగం దూరం పంపినవాడిని నేనే. ఆ సంగతులు పాతబడినవి. ఇది ఆ రకం కాదు.

తమరు ఆంధ్రదేశపువారని మీ వాచ్‌మన్ చెప్పగా తెలుగులో రాయుచున్నాను. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే, అక్షరాలు మా తాత ఇసుకలో దిద్దించినవి. మీకు మా తెలుగు నవ్వు తెప్పిస్తే నవ్వుకొనవచ్చును. తమిళంలో ఎందుకు రాయలేదనగా, తమిళమైతే నా చెల్లెలు చదివేస్తుంది. తెలుగు అక్షరాలు ఆమెకు రావు.

నా ఫిర్యాదులు క్రింద దాఖలు చేయుచున్నాను.

1. సుధ మొగుడు తంగరాజ్ పొయ్యి ముందర నిలబడియుండగానే గుండె ఆగి పోయినాడు. కర్మ అయిన మరునాడు ఆమె అదే పొయ్యి వెలిగించింది. ఏడ్వలేదు. ఇప్పటికీ ఏడ్వలేదు. నేనూ అడగలేదు. అప్పటి నుండి వేరుశనగలు తెప్పించుట, వేయించుట, బెల్లం పాకం పట్టుట, పలక మీద పరచి వేడిమీదనే కోయుట, పెట్టెల కెత్తి బస్సు కెక్కించుట, పనివాళ్ల తగవులు తీర్చుట, అంతా ఆమే చూసుకొనుచున్నది. మీ ఆఫీసు గోడ మీద స్త్రీ లేచి నిలబడవలెనని పెద్ద అక్షరాలతో రాసియున్నారు. మా చెల్లెలు లేచి నిలబడే ఉన్నది అయ్యా. కూర్చోమన్నవారే లేరు.

2. ఇట్లుండగా పెరుమాళ్సామి అనువారు వచ్చి చేరినారు. ఈయన పాకంలో గరిటె పెట్టగా చూసినవారు లేరు. ఈయన చేతికి బెల్లం అంటగా చూసినవారు లేరు. కోవిల్‌పట్టిలో అడిగితే విరుదునగర్ పోయినారంటారు. విరుదునగర్‌లో అడిగితే ఇప్పుడే కోవిల్‌పట్టి బయలుదేరినారంటారు. అయినను వేరుశనగ మండీవారికి ఆయన మాటే మాట. సుధ ఫోను చేసి సరుకులో రాళ్లున్నాయంటే, "సరేమ్మా, చూస్తాం" అంటారు. పెరుమాళ్సామి ఫోను చేసి అదే చెప్తే మరుసటి లారీలో మంచి సరుకు వస్తుంది. దీపావళికి మండీవారు ఆయన పేరున వేష్టి పంచె, చొక్కాగుడ్డ పంపుతారు. ఆయన జీతం అడగలేదు. ఆయనలో నేను చూసిన మంచిగుణం అదొక్కటే.

షెడ్డులో పలక తుడిచే కమలమ్మాళ్ మాత్రం ఆయనను ఒకసారి చూసిందట.

"బస్టాండులో చూసినా అన్నా. తెల్ల చొక్కా. మంచి రంగు. నన్ను చూసి తల ఊపె," అన్నది.

"ఏమన్నా మాట్లాడె?"

"అంత పెద్ద మనిషి నాతో ఏం మాట్లాడతాడు?"

3. తమ ఆఫీసు నుండి ఒక పెద్దమనిషి షెడ్డు చూడవచ్చినారు. ఆయన పేరు రాయను, చెడ్డవారు కారు. మాటలు తమిళంలో జరిగినవి, నేను మా తెలుగులో పెడుతున్నాను.

"ముదలాలి లేరా అమ్మా?"

"చెప్పండి సార్. అంతా నేనే చూసుకునేది."

"అది సరి. ముదలాలి ఎప్పుడొస్తారు?"

సుధ చేతిలో కోసే కత్తి ఉన్నది. పలక మీద పాకం గట్టిపడుతున్నది. ఆమె కోస్తూనే, "ఇప్పుడే విరుదునగర్ పోయినారు సార్, శెనిక్కాయలు చూసేదానికి," అన్నది.

నేను నీలం కుర్చీ జరిపి కూర్చోమన్నాను. ఆయన తుండుగుడ్డను చూసి, "అయ్యో, అది ఆయనది. పరవాలేదు," అని ఎండలోనే నిలబడినారు. మిఠాయి ముక్క నోట్లో వేసుకుని మెచ్చుకున్నారు. "పాకం ఈ పదునుకు తేవడం పెరుమాళ్సామి నేర్పించినారా? అదృష్టమమ్మా నీకు. ఇట్లా ఆడవాళ్లను ముందుకు తెచ్చే మగవాళ్లు ఎక్కడుంటారు?"

"అవును సార్," అన్నది సుధ. వెటకారం కాదు అయ్యా. కోపమూ కాదు. బస్సు ఎన్ని గంటలకని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

4. ముఖ్యమైన ఫిర్యాదు ఇది. చిన్న చిన్న మిఠాయి షెడ్లు నడిపే ఆడవాళ్లకంతా కలిపి తమరు ఒక వేయింపు యంత్రము, దానికొక షెడ్డు మంజూరు చేసినారు. సంతోషము. అది రావాలని ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను కూడగట్టింది సుధే. యంత్రం నోరు ఎత్తులో ఉంటే మూట భుజానికెత్తి పోయవలసి వస్తుందని, నడుములు పోతాయని, పల్లంలో పెట్టించాలని ఆమె ఆశ. పొద్దున చల్లటి వేళ చిన్న షెడ్లవాళ్లకు మొదట ఇవ్వాలని ఇంకొక ఆశ. ఇవి రెండూ అధ్యక్షస్థానంలో ఉన్నవారు చెప్తేనే జరుగును.

అధ్యక్షుణ్ణి ఎన్నుకొను మీటింగు పోయిన శుక్రవారం జరిగింది. సభ్యులంతా ఆడవాళ్లే. నేను పెట్టెలు మోసినవాడిని గనుక గుమ్మం దగ్గర నిలబడినాను. తమ పెద్దమనిషి లేచి, "పెరుమాళ్సామి సార్ వంటి అనుభవస్థులు ముందుండి నడిపిస్తే మీకు ధైర్యంగా ఉంటుంది. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి," అన్నారు.

చేతులు లేచినవి. కమలమ్మాళ్ అందరికంటే ముందు ఎత్తింది, ఆమె ఆయనను చూసినది కదా. తరువాత వరుసగా అందరూ.

సుధ కూడా ఎత్తింది.

"ఆయన ఒప్పుకుంటారా అమ్మా?" అని అడిగినారు పెద్దమనిషి.

"అడిగి చెప్తా సార్," అన్నది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను, "ఏం పాపా, నీవెందుకు చెయ్యెత్తితివి?" అన్నాను. ఆమె బయటికి చూస్తూ, "అందరూ ఎత్తినారు అన్నా. అలవాటు," అన్నది. కాసేపటికి, "బెల్లం తడుస్తాదేమో, వాన వచ్చేలాగుంది," అన్నది. మబ్బు లేదు అయ్యా ఆ దినం.

ఊళ్లో దేనికైనా నవ్వే మనిషిని నేను. అప్పుడు నవ్వుదామని చూసినాను. రాలేదు.

5. వచ్చే సోమవారం అధ్యక్షుడు స్వయంగా విరుదునగర్ మీటింగుకు వచ్చి షెడ్డును తన చేతిమీదుగా తీసుకొనవలెనని, రానిచో మంజూరు రద్దయి వరుసలో తరువాత ఉన్న పేచ్చిముత్తుగారి ఫ్లోర్‌మిల్లుకు పోవునని తమ ఆఫీసు వారు చెప్పినారు. పెరుమాళ్సామి రారు. ఈ విషయమై నేను ఏ సామి ముందరైనా కర్పూరం ఆర్పి చెప్పగలను. ఆయన రాక షెడ్డు పోతే సుధ మాట నమ్మి కూడిన ఆడవాళ్లు ఎవరి పొయ్యి దగ్గరికి వాళ్లు పోతారు. మరల ఆమె పిలిచినా రారు.

కాబట్టి ప్రార్థించుకొనునదేమనగా: పెరుమాళ్సామిని తీసివేయండి. సోమవారం మరల చేతులెత్తించండి. ఈసారి సుధాలక్ష్మి అని పేరు పెట్టి అడగండి. ఆమె జవాబు చెప్పేటప్పుడు ఆమె వెనకాల ఎవరైనా ఉన్నారా అని చూడకండి. నేనుంటే నన్ను బయటికి పొమ్మనండి.

ఈ మనవిని చిత్తమున పెట్టుకుని, ఫైలున పెట్టకుండా ఉండవలెను.

ఇంతవరకు ఎవరికీ విధేయుడు కానివాడు, ఈ ఒక్క పనికి తమ విధేయుడు,
చౌడయ్య

తా.క.: కవరు అంటించేముందు మనసొప్పక దీన్ని సుధకు చదివి వినిపించినాను. పాకం తిప్పుతూనే విన్నది. అయినాక అన్నది:

"ఆయనను ఇంత చెడ్డగా రాస్తివే అన్నా. పాపం, మనకేం చేసె ఆయన?"

"ఎవరు పాపా?" అన్నాను.

గరిటె ఆగింది. పాకం అడుగంటే వాసన వచ్చేదాకా ఆమె నన్నే చూసింది. తరువాత మంట తగ్గించి, "పంపించు," అన్నది.

కాబట్టి అయ్యా, ఇది కూడా రాసేస్తున్నాను. పెరుమాళ్సామి అనే మనిషి లేడు. నేను కల్పించినాను. తంగరాజ్ పోయిన కొత్తలో మండీవాడు ఫోనులో, "మగమనిషి ఎవరన్నా ఉంటే ఇవ్వమ్మా," అన్నాడు. నేను పక్కన ఉంటిని. తమాషాకి తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టి, "పెరుమాళ్సామి మాట్లాడతా ఉండాను," అన్నాను. ఆ దినం సుధ నవ్వింది. మొగుడు పోయినాక అదే మొదటిసారి. మళ్లీ నవ్వుతుందేమోనని ఆయనను ఉంచినాను. ఆ తరువాత ఆయన ఫోను చేసినప్పుడల్లా సరుకు బాగా వచ్చింది గానీ, ఆమె నవ్వలేదు.

చచ్చిపోయినాడని చెప్దామా అని ఒకసారి అడిగినాను. "వద్దన్నా, పలకరించేదానికి వచ్చి, ఇకమీదట ఎవరు చూసుకుంటారమ్మా అని అడుగుతారు," అన్నది.

కమలమ్మాళ్ బస్టాండులో ఎవరిని చూసిందో నాకు తెలియదు. ఆ మీటింగులో లేచిన చేతులలో, ఆయన లేడని తెలిసిన చెయ్యి మా సుధది ఒక్కటే. అది కూడా లేచింది. ఆయన గొంతు నాది, తుండుగుడ్డ నాది, మిగిలిన పనంతా ఆమెది.

సోమవారం ఆమె వస్తుంది. కుర్చీ వేయించండి.