వరుసలో నా చోటు

జూలై 19

ప్రియమైన హొగ్ని అన్నయ్యకి,

ఈ కవరు మీద నా దస్తూరీ చూసి ఊళ్ళో ఎవరో పోయారనుకుని కంగారుపడకు. అందరూ బాగానే ఉన్నారు. ఏడాదికోసారి తోర్షావ్న్ రేవులో కూర్చుని, కాఫీ చల్లారిపోయేదాకా గాలి గురించీ వాన గురించీ మాట్లాడుకుని విడిపోతాం కదా మనిద్దరం, అక్కడ చెప్పాల్సినది చెప్పలేకపోయాను. ఫోనులో అయితే నాకు అసలే నోరు పెగలదు. నీ ఓడ రేవుకి తిరిగొచ్చేసరికి అందేలా మీ ఆఫీసుకి పంపుతున్నాను.

టూరిస్టులతో ఆరు రోజుల కొండనడకలో ఇవాళ నాలుగో రోజు. ఈసారి నా వెనక ఎనిమిది మంది. అందులో ఇంగె అని ఒక డేనిష్ ఆవిడ ఉంది. అరవై ఎనిమిదేళ్ళు, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. మొదటిరోజే నన్ను పట్టుకుని, ఈ కొండల్లో పుట్టిన పిల్లవి ఇంత మెల్లగా నడుస్తావేమని దెప్పింది. మీ అందరి మోకాళ్ళూ నా పూచీ అమ్మా, అందుకే అన్నాను. దానికి నవ్వి, నా మోకాళ్ళు మార్పించుకుని వచ్చాను, నీ మోకాళ్ళే చూసుకో అంది. అప్పటినుంచీ ఆవిడంటే నాకు ఇష్టం.

ఇవాళ పొద్దున కనుమ ఎక్కుతుండగా పొగమంచు దిగింది. నడక మొదలయ్యే రోజునే నేను అందరికీ ఒట్టు పెట్టించినట్టు చెబుతాను. మంచు కమ్మితే ఎక్కడివాళ్ళు అక్కడే, దగ్గరున్న గుర్తురాళ్ళ కుప్పని ఆనుకుని కూర్చోవాలి. ముందున్నవాళ్ళ వీపు కనబడకుండా ఒక్క అడుగు వేయడానికి వీల్లేదు. పేర్లు పిలిచాను. ఏడుగురు పలికారు. ఇంగె పలకలేదు. మిగతావాళ్ళని కదలవద్దని చెప్పి, తాడు పట్టుకుని గంటన్నర వెతికాను. ఎక్కడో కిందుగా, కొండ అంచుకి ఓ నలభై బారల దూరంలో, గడ్డిలో కూర్చుని చాక్లెట్ తింటోంది. నన్ను చూసి తనూ ఏడవలేదు, నేనూ తిట్టలేదు. చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాను.

అసలు సంగతి సాయంత్రం జరిగింది. బస ఇచ్చిన ఇంటావిడ ఎండు గొర్రెమాంసంతో చారు కాచి పెట్టింది. అందరం తింటుంటే ఇంగె లేచి నిలబడింది.

“ఇవాళ వరుస వదిలేసి వెళ్ళింది నేనే. అవసరమేమీ లేదు, ఒక పిట్ట వెనకాల పోయాను. మీ అందర్నీ చలిలో కూర్చోబెట్టాను. తప్పు నాది.”

అంతే. కూర్చుని, ఆ రొట్టె ఇటు ఇవ్వమంది. పక్కాయన ఇచ్చాడు. మాటలు మళ్ళీ మామూలుగా సాగిపోయాయి. నాకు మాత్రం చెంచా నోటిదాకా వెళ్ళలేదు. బయటికొచ్చి గోడమీద కూర్చున్నాను. ఇక్కడినుంచే రాస్తున్నాను. వెలుతురు ఇంకా బోలెడుంది.

అన్నయ్యా, పదకొండేళ్ళ కిందట, ఊరి గొర్రెలన్నిటినీ కొండమీంచి దొడ్డికి తోలే మంద తోలకం రోజున నేను నా చోట లేను.

నీకు గుర్తుంది కదా. సముద్రం మీది కొండ అంచు దగ్గర నువ్వు, నీ పైన నేను, నా పైన పేతుర్, ఆ పైన బ్యార్తా టీచరు, అలా శిఖరం దాకా ఊరంతా వరుసగా నిలబడ్డాం. సగం తోలాక మంచు పడింది. నాకు ఇరవైరెండేళ్ళు, నోట్లోంచి ఎన్ని ప్రగల్భాలు వచ్చేవో. మంచులో నా చేయి నాకు కనబడకపోయేసరికి కాళ్ళు ఆడలేదు. గొర్రెల గిట్టల చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలియలేదు. వెనక్కి పాకి, పాత గొర్రెల చావడి గోడ చాటున ముడుచుక్కూర్చున్నాను. నువ్వు “రన్వా” అని పిలిచావు. రెండుసార్లు. నాకు స్పష్టంగా వినబడింది. పలికితే నేనెక్కడున్నానో తెలిసిపోతుందని పలకలేదు.

మంచు విడిపోయేసరికి నేను వచ్చి దొడ్డి దగ్గర అందరిలో కలిసిపోయాను. అంచు దగ్గర కనబడ్డది నువ్వొక్కడివే. కింద సముద్రంలో అరవైరెండు గొర్రెలు, ఊరు మొత్తానికి ఒక చలికాలం మాంసం. తోలకానికి పెద్దగా ఉన్న హానుస్ మామ అందరి ముందూ “నీ కాళ్ళ పక్కనుంచే పోయాయిరా హొగ్నీ” అన్నాడు. నువ్వు తల దించుకున్నావు. మరుసటేడు తోలకం వరుసలో ఎవరి చోటు ఎక్కడో చదివినప్పుడు నీ పేరు లేదు. చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. ఆ చలికాలమే నువ్వు ఓడెక్కేశావు. నా ఖాళీలోంచి పోయిన గొర్రెలకి నువ్వు మాటపడ్డావు. నేను కళ్ళప్పగించి చూశాను.

ఇప్పుడే ఎందుకంటావా. హానుస్ మామ మోకాళ్ళు పూర్తిగా పోయాయి. ఈ శరదృతువు నుంచి తోలకానికి పెద్దగా నన్ను ఉండమంటున్నారు. ముప్పై మందికి ఎవరి చోటు వాళ్ళకి చెప్పాల్సింది నేను! ఇరవైతొమ్మిదిన బడిలో సమావేశం. జవాబు చెప్పమన్నారు. ఇంగెని చూశాక ఇంక నావల్ల కాదు. ఆ రోజు అందరి ముందూ చెప్పేస్తాను. ఆ తర్వాత నాకు వరుసలో చోటు ఇవ్వకపోవచ్చు. మా గొర్రెల మేతలో నీ నడకవాళ్ళని తేవద్దు అనొచ్చు. అప్పుడు ఈ ఊళ్ళో ఎలా బతకాలో నాకు తెలియదు. భయంగా ఉంది. అయినా చెబుతాను.

నువ్వు తిట్టినా సరే, ఒక్క ముక్క రాయి.

నీ చెల్లెలు
రన్వా


జూలై 30

అన్నయ్యా,

మొదటి ఉత్తరం నీకింకా అంది ఉండదు. రెండూ కలిపే చదువుతావేమో. మొదటిదాన్ని ముందు చదువు, లేకపోతే ఇది అర్థం కాదు.

నిన్న చెప్పేశాను. పిల్లల బెంచీలమీద ఊరంతా ఇరుక్కుని కూర్చుంది. రబర్బ్ కాడలతో చేసిన కేకు కోసి పెట్టారు. హానుస్ మామ లేచి, ఏమ్మా ఒప్పుకున్నట్టేనా అని అడిగాడు. నేను లేచి నిలబడ్డాను. నడకవాళ్ళకి రోజుకి రెండొందల మాటలు చెప్పే నోరు, పది మాటలకి ఎండిపోయింది. నా చోట నేను లేనని, హొగ్ని పిలిచినా పలకలేదని, ఆ అరవైరెండూ నా ఖాళీలోంచే పోయాయని చెప్పి కూర్చున్నాను. తల కొట్టేసినట్టయింది. కాఫీ కెటిల్ బుసబుసలాడుతోంది, ఎవరూ దించరు.

ముందు పేతుర్ దగ్గాడు. ఆ ఏడు కొత్తగా కొన్న కుక్క మంచులో తప్పిపోయిందట, దాన్ని వెతుక్కుంటూ పైకి పోయాడట. గొర్రెలు తన ఖాళీలోంచే పోయాయని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడట. ఆ కుక్క కూడా చచ్చిపోయిందిప్పుడు అన్నాడు, అది చచ్చిపోతే తప్పు మాఫీ అయిపోతుందన్నట్టు.

బ్యార్తా టీచరు మొహం ఎర్రగా చేసుకుని లేచింది. నలభై ఏళ్ళు ఈ గదిలోనే మనందరికీ నిజం చెప్పాలని నేర్పిన మనిషి కదా. చెప్పిందేమిటంటే, మంచు మాటున రాతి వెనక్కి ఒంటేలుకి వెళ్ళిందట. ఉన్ని పంట్లాం మీద పంట్లాం, అన్నీ విప్పి కట్టుకుని వచ్చేసరికి పావుగంట. “పదకొండేళ్ళుగా ఆ మాట నోటితో చెప్పలేక ఒక కుర్రాణ్ణి ఊరు దాటించాను” అంది. మొదట ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఆవిడ ఏడుస్తోందని చూసి ఊరుకున్నారు.

ఇంకో ఇద్దరు లేచారు. ఆ రోజు మంచులో ఒకడు కిందికి దిగిపోయాడట, ఒకడు నిద్రపోయాడట. చివరికి హానుస్ మామ. కర్ర మీద ఆనుకుని లేవడానికే చాలాసేపు పట్టింది. శిఖరం దగ్గర ఆయన దారి తప్పాడట. ఏడేళ్ళ వయసునుంచి తిరిగిన కొండమీద, తోలకానికి పెద్ద అయ్యుండి, ఎటు వెళ్ళాలో తెలియక ఒక రాయి మీద కూర్చుండిపోయాడట. ఆ సిగ్గుతో దొడ్డి దగ్గరికొచ్చి, ముందు కనబడ్డ నిన్ను అనేశాడట.

“నాకు మొహం చెల్లదమ్మా. చెయ్యి వణుకుతుంది, నేను రాయలేను. నువ్వు రాయి వాడికి. ఆ రోజు తన చోట నిలబడ్డవాడు వాడొక్కడే అని రాయి.”

రాశాను. అన్నయ్యా, మేమంతా ఎవరికి వాళ్ళం తప్పు నా ఒక్కరిదే అనుకుంటూ, రోజూ ఒకరికొకరం ఎదురుపడుతూ, నిన్ను మాత్రం బయటికి పంపేశాం. ఇంటికొచ్చి నేను ఏడ్చాను, ఆ తర్వాత టీచరు పంట్లాములు గుర్తొచ్చి నవ్వాను, మళ్ళీ ఏడ్చాను.

పెద్దగా ఎవరుండాలో తేల్చలేదు. నీ జవాబు వచ్చాకే అన్నారు. నువ్వు వస్తే నువ్వే ఉండాలని చాలామంది మాట. తోలకం అక్టోబరు మొదటి శనివారం. ఆ రోజు నడకవాళ్ళెవరినీ తీసుకోనని ఏజెన్సీకి చెప్పేశాను.

నీ
రన్వా


ఆగస్టు 24

చెల్లాయ్,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి ఇచ్చారు. రెండోది ముందు చదివాను, నువ్వు వద్దన్నా. తర్వాత మొదటిది. తర్వాత రెండూ మళ్ళీ. నాకు రాయడం రాదని నీకు తెలుసు, ఏమనుకోకు.

టీచరుకి చెప్పు, నేను నవ్వానని. ఓడలో అందరికీ చెప్పాను, వాళ్ళూ నవ్వారు. పేరు చెప్పలేదులే.

హానుస్ మామకి మాత్రం ఒక మాట చెప్పాలి. ఆ రోజు ఆయన అన్నది నిజం. గొర్రెలు నా పక్కనుంచే పోయాయి. ఇరవై అడుగులు ఎడంగా పరిగెత్తి చేతులు ఊపి కేకేస్తే తిరిగిపోయేవి. ముందు గొర్రె మొహం కూడా చూశాను. నేను కదలలేదు.

నిన్ను పిలిస్తే పలకలేదు. నువ్వు నీ చోట లేవని అప్పుడే అర్థమైంది. నీకు భయమేస్తే పల్లంలోకి దిగుతావు, చిన్నప్పటినుంచీ అంతే. నీ చోటునుంచి కిందికి దిగే వాననీటి గాడి సరిగ్గా నేను నిలబడ్డ దగ్గర అంచుకి తగులుతుంది. గొర్రెల వెనక నేను పరిగెత్తితే ఆ గాడి నోరు ఖాళీ. నువ్వు మంచులో గుడ్డిగా నడుచుకుంటూ వస్తే ఆపడానికి ఎవరూ లేరు. అందుకని రెండు చేతులూ చాపి అక్కడే నిలబడ్డాను. అవి ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. చాలాసేపు పట్టింది.

దొడ్డి దగ్గర ఈ మాట చెప్పాలంటే నువ్వు నీ చోట లేవని చెప్పాలి. అందుకే చెప్పలేదు. నీమీద కోపం ఎప్పుడూ లేదు. కోపమంటే మిగతావాళ్ళమీద కొంచెం ఉంది, అది కూడా ఓడలో రెండేళ్ళకి పోయింది. తర్వాత తిరిగి రావడానికి ఏం చెప్పాలో తెలియక ఉండిపోయాను.

మా ఓడ సెప్టెంబరు ఇరవైఎనిమిదిన వస్తుంది. శుక్రవారం పడవకి ఊరొస్తాను. పెద్దగా నువ్వే ఉండు, నడకవాళ్ళని రోజూ లెక్కపెట్టుకునే అలవాటు నీకుంది. నన్ను పేతుర్ పక్కన పెట్టకు, వాడు వాగుతాడు. నా బూట్లు అటకమీద ఉంటే ఒకసారి నూనె రాసి ఉంచు.

అన్నయ్య
హొగ్ని