పేరు చెప్పడానికి పది సెకన్లు

శనివారం, అక్టోబరు 18
ఆస్పత్రి లాండ్రీ గది నుంచి

అన్నయ్యకు చెల్లెలు నమస్కరించి రాస్తున్నది.

ఉత్తరం అంటే ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలని నాన్న మనిద్దరికీ నేర్పాడు. ఇవాళ ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. నీ కుశలం వదిన ఫోన్లో చెప్పింది. పదిరోజులుగా కంచం ముందు కూర్చుని లేచిపోతున్నావట, ఏమైందంటే ఆఫీసు పని అంటున్నావట. నా కుశలం ఈ ఉత్తరం చదివితే నీకే తెలుస్తుంది.

ఇక్కడ మా లాండ్రీకి కొత్త మిషను వచ్చింది. పాతదానిలా గోల చెయ్యదు. ఇన్నేళ్లుగా అందరం గొంతు చించుకుని మాట్లాడుకుంటున్నామని ఇప్పుడు తెలిసొచ్చి అందరూ నవ్వుకుంటున్నారు. నేను తప్ప. నాకేముంది, నేనెప్పుడూ స్లిప్పు మీద రాసిచ్చేదాన్నే కదా. మూడో వార్డు, దుప్పట్లు నలభై, చిరిగినవి రెండు. నా ఉద్యోగమంతా ఆ స్లిప్పుల మీదే నడిచిపోయింది.

అసలు సంగతికి వస్తాను. మీ శాఖవాళ్ల నివేదిక చదివాను. ఆన్‌లైన్ లోకాల్లో జూదం, పెద్దల వ్యవహారాలు, వాటికి మీరు పెట్టిన నిబంధనలు, అన్నీ కలిపి నూటపన్నెండు పేజీలు. ఇస్త్రీ బల్ల పక్కన నిలబడి ఫోన్లోనే చదివాను. నలభై ఒకటో పేజీలో "దుకాణదారు-4" అని ఒకావిడ మాటలు ఉన్నది ఉన్నట్టు వేశారు. ఎవరో గానీ అచ్చం నాలాగే మాట్లాడుతోందే అనుకున్నాను. నాలుగో వాక్యం దగ్గర ఆగి మళ్లీ మొదటినుంచి చదివాను. ఆ మాటలు నావి. నా బతుకులో ఆ మాటలు ఒక్కరికే చెప్పాను. ఆ ఒక్కరి ఖాతా పేరు కింద "శాఖ పరిశీలకుడు" అని ఉంది. దాని కింద నీ సంతకం ఉంది.

బొమ్మలూరులో నా స్నేహితుడు గొడుగాయన నువ్వేనన్నమాట.

బొమ్మలూరు గురించి నీకిప్పుడు నాకంటే ఎక్కువే తెలుసు. అయినా నా వైపు నుంచి ఒకసారి విను. వదిన ఈ ఉత్తరం చూస్తే చూడనీ, ఆవిడకీ అర్థమయ్యేలా రాస్తాను. కంప్యూటర్ తెరిస్తే అదొక ఊరు. మనిషికొక బొమ్మ. బొమ్మ నడుస్తుంది, కూర్చుంటుంది, కొట్లు తిరుగుతుంది. మనం టైపు చేసిన మాట దాని తల మీద కనిపిస్తుంది. అంతే. అక్కడ ఎవరికీ గొంతు లేదు, అందుకని నాకు నత్తి లేదు. నలభై మూడేళ్లొచ్చాక అక్కడే మొదటిసారి ఒక జోకు చివరిదాకా చెప్పాను అన్నయ్యా. జనం నవ్వారు. జోక్కే నవ్వారు.

అక్కడ బొమ్మలకి బట్టలు కుట్టే కొట్టు పెట్టాను. సూదీ దారం కాదులే, గీసి, రంగులు వేసి, బొమ్మకి తొడగడం. నా కోట్లకి పేరొచ్చింది జేబుల వల్ల. చెయ్యి పెడితే నిజంగా లోపలికి వెళ్లేది. అద్దె తక్కువని వీధి చివర పెట్టాను. ఒక పక్క పెద్దల డాన్సు హాలు, ఇంకో పక్క చక్రాల ఇల్లు. చక్రాల ఇల్లంటే జూదమే. రంగు చక్రం తిప్పి పందెం కాయడం, కాసేది మాత్రం బొమ్మ డబ్బు కాదు, అసలు డబ్బు.

మార్చిలో నువ్వొచ్చావు. వాన పడని ఊళ్లో నల్లగొడుగు వేసుకుని నా కొట్టు ముందు నిలబడ్డావు. గొడుగెందుకండీ అంటే, వానొచ్చాక వెతుక్కునే రకం కాదండీ నేను అన్నావు. నవ్వొచ్చింది. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి రాగానే నీకోసం చూసేదాన్ని. నీ అంత ఓపిగ్గా వినేవాళ్లని నేను చూడలేదు. చిన్నప్పుడు మా అన్నయ్య నా మాటలన్నీ తనే పూర్తిచేసేసేవాడు, పది మాటల్లో తొమ్మిది నేను అనబోయినవి కావు అని నీకు చెప్పాను. నువ్వేమన్నావో గుర్తుందా? ఆ పదోదేనా సరిగ్గా చెప్పేవాడా అని అడిగావు. పోనీలెండి ప్రేమతోనే చేసేవాడు అని నేనే వెనకేసుకొచ్చాను, నిన్ను నీ దగ్గరే.

నాన్న పోయిన రోజు సంగతి కూడా చెప్పాను. ఇంట్లో నేనొక్కదాన్నే. నీకు, నంబరు కనపడని మీ ఆఫీసు పాత ఫోన్‌కి చేశాను. న, న అంటున్నానే గానీ "నాన్న" అనే మాట బయటికి రాలేదు. నువ్వు హలో హలో అని, ఎవరో ఆకతాయిలనుకుని తిట్టి పెట్టేశావు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. పక్కింటాయన కబురు పెట్టేసరికి ఆలస్యమైంది, నువ్వొచ్చేసరికి అంతా అయిపోయింది. ఎందుకు వెంటనే చెప్పలేదని అందరి ముందూ నన్ను అరిచావు. ఆ ఫోన్ నాదేనని పదకొండేళ్లుగా నీకు చెప్పలేదు. చెబితే నువ్వు కుంగిపోతావని. గొడుగాయనకి చెప్పాను, ఊరూ పేరూ లేనివాడు కదా, మోసుకుపోతాడని.

నువ్వు గొడుగు ముడిచి మళ్లీ తెరిచావు. తర్వాత, వానొచ్చేలా ఉంది వెళ్తాను అన్నావు.

పాపం ఎంత సున్నితమైన మనిషో అనుకున్నానే! అప్పటికైనా నీకు తెలిసి ఉండాలి కదా నేనెవరో. అప్పుడైనా, చెల్లీ నేనే అని ఒక్క ముక్క రాయాల్సింది. లేదా అప్పటితో రావడం మానెయ్యాల్సింది. నువ్వు మర్నాడు వచ్చావు. ఆ తర్వాత నాలుగు నెలలు వచ్చావు. వచ్చి, చక్రాల ఇంటి యజమాని ఎవరు, డాన్సు హాలు తలుపు దగ్గర వయసు ఎవరు చూస్తారు, అద్దెలు ఎవరికి వెళ్తాయి అని ఒక్కొక్కటే లాగావు. నేను చెప్పాను. స్నేహితుడివని చెప్పాను.

నివేదికలో నా గురించి నువ్వు రాసిన వాక్యం నాకు నోటికి వచ్చేసింది. "దుకాణదారు-4కి సొంత కుటుంబంతో సంబంధాలు బలహీనం. ఈ లోకం ఆమెకు వ్యసనంగా మారింది." కుటుంబం అంటే ఎవరన్నయ్యా? అమ్మ లేదు, నాన్న లేడు. ఉన్నది నువ్వే. నీకూ నాకూ ఉన్న దూరాన్ని నువ్వే కొలిచి, ముద్ర వేసి, నా జబ్బు కింద రాసి పైకి పంపావు.

నిబంధనలు తప్పని నేననడం లేదు. చక్రాల ఇల్లు మూతపడాల్సిందే. మా వీధిలో టీచరమ్మ అని ఒకావిడ ఉండేది, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఒంటరి మనిషి, నాలుగు మాటల కోసం వచ్చేది. ఆ చక్రానికి మరిగింది. కంటి ఆపరేషన్‌కి దాచుకున్నదంతా దాంట్లో పోసింది. ఇప్పుడు అక్షరాలు కనపడక తెర మీదికి వంగి వంగి చూస్తోంది. డాన్సు హాలు సంగతీ అంతే. అక్కడ పనిచేసేవాళ్లు బతుకుతెరువు కోసం చేసే పెద్దవాళ్లే, వాళ్లతో నాకే పేచీ లేదు. కానీ తలుపు దగ్గర అడిగేవాడు లేడు. పుట్టిన సంవత్సరం మార్చి రాస్తే బడిపిల్లలైనా లోపలికి పోవచ్చు. కాపలా కావాల్సిందే.

కానీ ఆ కాపలా పెట్టిన తీరు చూడు. ఆ వీధిలో కొట్టు ఉన్న ప్రతివాళ్లూ కెమెరా ముందు కూర్చుని, గుర్తింపు కార్డు పట్టుకుని, తమ పేరు, పుట్టిన తేదీ పైకి చెప్పాలి. పది సెకన్లలో. మూడుసార్లు తప్పితే కొట్టు మూత. పద్దెనిమిదో నిబంధన. రూపొందించింది నువ్వేనని పక్కనే ఉంది.

నా పేరు ఏ అక్షరంతో మొదలవుతుందో నీకు తెలుసు. ఆ అక్షరం దగ్గర నేను ఎంతసేపు ఆగిపోతానో ఈ భూమ్మీద నీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మొదటిసారి పెదవులు బిగుసుకుపోయాయి. రెండోసారి పాడినట్టు చెప్పి చూశాను, డాక్టరు చిన్నప్పుడు నేర్పినట్టు. మొదటి అక్షరం వచ్చింది, టైమైపోయింది. మూడోసారికి మంచినీళ్లు తాగి, కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. తెర మీద ఏమొచ్చిందో చెప్పనా? "మాట స్పష్టంగా లేదు. ఎదురుగా ఉన్నది మనిషని నిర్ధారించలేకపోయాం." ఆరేళ్లు కట్టుకున్న కొట్టుకి అడ్డబద్ద వేసేశారు. కోట్లన్నీ లోపలే ఉన్నాయి.

అభ్యంతరాలుంటే స్వయంగా వచ్చి చెప్పుకోవచ్చని రాశారుగా. సోమవారం సెలవు పెట్టి మీ ఆఫీసుకి వచ్చాను. నాలుగో అంతస్తు, నీలంరంగు బెంచీలు, గాజు కిటికీ వెనక ఒకమ్మాయి. రాసుకొచ్చిన కాగితం ఇచ్చాను. ముందు పేరు చెప్పండి, నమోదు చేసుకోవాలి అంది. కాగితం మీద ఉందని చూపించాను. నోటితో చెప్పాలమ్మా, రూలు అంది. మొదలుపెట్టాను. నా వెనక ఆరేడుగురు. ఎవరో గొణిగారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

అప్పుడే వరండాలోంచి నువ్వొచ్చావు. చేతిలో ఫైళ్లు, పక్కన ఇద్దరు. నన్ను చూశావు. చూడలేదని అనకు, ఇద్దరం ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకున్నాం. నా నోరు ఇంకా ఆ అక్షరం మీదే ఉంది. చిన్నప్పుడు ఎప్పుడూ అడక్కుండా నా మాట అందుకునేవాడివి. నా జన్మలో మొదటిసారి, నువ్వు వచ్చి నా బదులు చెప్పెయ్యాలని దణ్ణం పెట్టుకున్నాను.

నువ్వు వెనక్కి తిరిగి లిఫ్ట్ ఎక్కావు.

ఎందుకో నాకు తెలుసు. దుకాణదారు-4 నీ తోడబుట్టిందని తెలిస్తే నీ నివేదిక చెల్లదు, నీ ఉద్యోగానికీ ఎసరు వస్తుంది. అర్థం చేసుకోగలను. అర్థం చేసుకున్నంత మాత్రాన మింగుడుపడుతుందా? కాగితం వెనక్కి తీసుకుని మెట్లు దిగి వచ్చేశాను.

వీధివాళ్లు కూడా నివేదిక చదివారు. జేబుల కోట్ల ఆవిడే అంతా కక్కేసిందని తెలియడానికి వాళ్లకెంతసేపు? డాన్సు హాల్లో పాడే ఆవిడ నాకు సందేశం పెట్టింది. ఇంట్లో మంచాన పడ్డ మొగుడితో నెట్టుకొస్తున్న మనిషి. నీకు మేమేం ద్రోహం చేశామని అడిగింది.

నాకు కొట్టు తిరిగి ఇప్పించమని అడగడం లేదు. నీ సాయంతో తెరుచుకునే తలుపు నాకొద్దు. పద్దెనిమిదో నిబంధనలో ఆ పది సెకన్లు కొట్టెయ్యి. నోరు రానివాళ్లు, గొంతు పోయినవాళ్లు, నాలాంటివాళ్లు రాసి చూపించే వీలు పెట్టు. అది దయ కింద కాదు, నువ్వు చేసిన తప్పు దిద్దుకోవడం కింద పెట్టు. ఇంకో మాట. నివేదికలో నాన్న ఫోన్ సంగతి వెయ్యలేదు నువ్వు. మూడుసార్లు వెతికాను. అది ఎందుకు దాచావో, నా కోసమో నీ కోసమో, నాకు తేల్చుకోబుద్ధి కావడం లేదు.

వదినని అడిగానని చెప్పు. తిండి మానెయ్యకు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క. సంతకం పెట్టాక కవరు అంటించలేక ఇంతసేపు కూర్చున్నాను. ఇది దాచి నిన్ను నిలదీయడం అన్యాయం. నివేదిక మొదటి పేజీలో, ఒక అజ్ఞాత ఫిర్యాదు మీద ఈ విచారణ మొదలైందని ఉంది కదా, అది రాసింది నేను. ఫిబ్రవరిలో, టీచరమ్మ తన కంటి సంగతి చెప్పి ఏడ్చిన వారానికి. నా వీధివాళ్లెవరికీ చెప్పలేదు, ఇవాళ్టిదాకా ఎవరి ముందూ ఒప్పుకోలేదు. ఆఫీసులో కూర్చున్నవాళ్లకి అక్కడి సంగతులు తెలియవని, మామూలు మనిషిలా వచ్చి మాలో కలిసిపోయి కళ్లారా చూసేవాళ్లని పంపమని ఆఖరి పేరాలో నేనే సలహా ఇచ్చాను. ఆ తర్వాత వీధిలోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్లనీ వీళ్లేనేమో అని అనుమానించాను, ఒక్క గొడుగాయన్ని తప్ప.