ఈస్ట్ కణంలో మేస్త్రీ

చిరంజీవి అమ్మాయికి,

బాబాయ్ దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. నాలుగేళ్ళుగా ఈస్ట్ మీద పరిశోధన అంటున్నావు. ముప్పై ఏళ్ళుగా అదే ఈస్ట్‌తో రొట్టెలు పొంగిస్తున్న నన్ను ఒక్క మాట అడిగావా? పోనీ, ఏం కనిపెట్టావో రాయి. బేకరీకి పనికొస్తుందేమో చూస్తాను.

ఇట్లు,
బాబాయ్

తా.క.: పెద్ద పెద్ద మాటలు వద్దు. నాకు అర్థంకాక కాదు, మీ పిన్నికి చదివి వినిపించాలి.

*

బాబాయ్‌కి నమస్కరించి అమ్మాయి రాస్తున్నది.

ఈస్ట్ కణానికి క్యాల్షియం కొంచెమే కావాలి. ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే లోపల ఒక కొట్టుగది ఉంటుంది. కూలీల్లాంటి ప్రోటీన్లు రెండు, ఎక్కువైనదాన్ని అందులోకి చేరవేస్తాయి. నేను ఒకదాన్ని తీసేసి, ఏమవుతుందో చూస్తున్నాను.

మీ అమ్మాయి

తా.క.: ఇది కణం సంగతి, బేకరీ సంగతి కాదు.

*

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరంతో నా కళ్ళు తెరుచుకున్నాయి. మన దగ్గరా పిండి బస్తాలు గోదాములోకి మోసేవాళ్ళు ఇద్దరు. ఇద్దరెందుకని పెద్దాయన్ని మానిపించేశాను. పాతికేళ్ళుగా మన దగ్గరున్న మనిషి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సైన్సు అలా చెబుతోంది, నేనేం చెయ్యను అన్నాను. ఇప్పుడు బస్తాలు గుమ్మానికి అడ్డంగా పేరుకుపోయాయి. రెండోవాడు ఒళ్ళు వంచడు. పొద్దున్నుంచి పక్కనే నిలబడి బస్తా ఎక్కడ పట్టుకోవాలో, ఏ కాలు ముందెయ్యాలో చెబుతూనే ఉన్నాను. నిన్న పొయ్యి వెలిగించనేలేదు. ఇంకో వారం ఇలాగే ఉంటే బేకరీ మూసుకోవాలి. నీ ఈస్ట్‌కి ఏమైందో వెంటనే రాయి.

బాబాయ్

తా.క.: మీ పిన్ని వెనక నిలబడి నవ్వుతోంది. ఆవిడకి సైన్సు తెలీదు.

*

బాబాయ్,

కొంప ముంచావు. నా ఈస్ట్ చచ్చిపోయింది. కానీ రెండో ప్రోటీన్ చేతకానిదేం కాదు. క్యాల్షియం పెరగగానే కంగారుపడే మేస్త్రీలాంటిది ఇంకొకటుంది. అదే దాన్ని పని చెయ్యనివ్వదు. ఆ మేస్త్రీని కూడా తీసేశాం. మిగిలినది హాయిగా మోసేసింది, కణం బతికింది. ముందు పెద్దాయన్ని వెనక్కి పిలువు.

అమ్మాయి

తా.క.: ఇది చదివి మళ్ళీ ఎవర్నీ తీసెయ్యకు.

*

అమ్మాయికి పిన్ని ఆశీస్సులు.

కళ్ళజోడు దొరక్క మీ బాబాయ్ నీ ఉత్తరం నన్ను చదవమన్నారు. బేకరీలో అందరి ముందూ చదివాను. మేస్త్రీ దగ్గరికి వచ్చేసరికి అందరూ ఆయన వంకే చూశారు. మీరు ఇంటికెళ్ళండి, నేను చూసుకుంటాను అని ఆయనతో అన్నాను. సాయంత్రానికి గుమ్మం ఖాళీ అయింది. పెద్దాయన్ని నేనే వెళ్ళి బతిమాలి తీసుకొచ్చాను. రొట్టెలు బాగా పొంగుతున్నాయి. నీ చదువు ఊరికే పోలేదమ్మా.

పిన్ని

తా.క.: ఇంట్లో ఊరికే కూర్చోలేక, నీ పరిశోధన దగ్గరుండి చేయిస్తానని ఆయన నిన్న రైలెక్కారు. ఈ ఉత్తరం అందేసరికి నీ పక్కనే నిలబడి ఉంటారు.