రిపీటర్‌ని ఎవరు కదుపుతున్నారు

జూన్ 3

ఈ ఇంట్లో నేను తలుపు వేసుకుంటే చాలు, ఏదో నడుస్తున్నట్టే. నా గదిలో వైఫై సిగ్నల్ రావడం లేదంటే నాన్న పేపర్ దించకుండానే, హాల్లో బాగానే వస్తోందిగా, హాల్లో మాట్లాడలేని మాటలేంటమ్మా అన్నాడు. ఉద్యోగం ఇంటర్వ్యూలు అన్నాను. ఇంకేం, మేమూ వింటాం అన్నాడు అన్నయ్య. నా భయం అదే. ఒక్కసారి తడబడ్డానంటే ఏడాదంతా నన్ను ఇమిటేట్ చేస్తాడు.

కేబుల్ లాగుదామంటే మొన్ననే పెయింట్ వేయించారట. గోడలో మేకు కూడా దిగకూడదట.

జూన్ 6

రౌటర్ సిగ్నల్‌ని అందుకుని ఇంకాస్త దూరం పంపే రిపీటర్ కొన్నాను. ప్లగ్గులో పెడితే చాలు, వైర్ లేదు, మేకు లేదు. ముందు నా గదిలోనే పెట్టాను. గీతలు ఫుల్, నెట్ నిల్. తనకే అందనిది నాకేం ఇస్తుంది? హాల్లో రౌటర్‌కీ నా గదికీ మధ్య, నడవాలో సాకెట్‌కి మార్చాక పచ్చ లైటు వెలిగింది.

దీన్ని ఎక్కడైనా పెట్టుకోవచ్చా అని అడిగింది అమ్మ. ఎక్కడైనా, ఓ రెండు నిమిషాలు ఆగితే పట్టుకుంటుంది అన్నాను. నా గొడవ పట్టేది ఈవిడొక్కదానికే.

జూన్ 9

నడవాలో రిపీటర్ లేదు. వంటింట్లో, మిక్సీ పక్కన ఉంది. తెచ్చి మళ్లీ పెట్టాను.

జూన్ 10

మళ్లీ మిక్సీ పక్కనే.

జూన్ 11

అన్నయ్యని నిలదీశాను. మిక్సీకి నెట్ పెట్టించే పనేంటే నాకు అన్నాడు. అక్కడితో ఊరుకోలేదు. నాన్న ముందే రౌటర్ యాప్ తెరిచాడు. రిపీటర్‌కి కనెక్టయినవాటిలో నా పాత ఫోన్ కనిపిస్తోంది, నా పేరుతో సహా. స్క్రీన్ పగిలిందని సొరుగులో పడేసిన ఫోన్.

రెండో ఫోనా, అన్నాడు నాన్న. అంతే. ఆయన అరిస్తేనే నయం.

సొరుగు వెతికాను. ఫోన్ లేదు. వీడే తీశాడు, నన్ను ఇరికించడానికి.

జూన్ 12

అమ్మతో చెప్పుకుందామని వంటింటి వెనక్కి వెళ్తే వాషింగ్ మెషిన్ తిరుగుతోంది. నిన్నా తిరిగింది, మొన్నా తిరిగింది. ఉన్నది నలుగురం. ఇన్ని బట్టలెవరివి? తర్వాత చెబుదువుగానిలే, చేతులు తడిగా ఉన్నాయి అంది.

తడిగా లేవు.

జూన్ 13, ఉదయం

ఇంటర్వ్యూ బాగానే సాగుతోంది. టీమ్‌లో గొడవొస్తే ఏం చేస్తారు అని అడిగింది ఇంటర్వ్యూ చేసే ఆవిడ. నోరు తెరిచాను, స్క్రీన్ బిగుసుకుపోయింది. నడవాలో సాకెట్ ఖాళీ. ఇవాళ అన్నయ్య సంగతి తేల్చాలని వంటింట్లోకి పరుగెత్తాను. మిక్సీ పక్కన పచ్చ లైటు. వెనక మెషిన్ మోత. అక్కడ ఎప్పుడూ సిగ్నల్ ఉండదు. తలుపు సందులోంచి చూశాను.

అమ్మ. మెషిన్ పక్కన నేలమీద కూర్చుని ఉంది. చేతిలో నా పగిలిన ఫోన్. అందులో పిన్ని. మొగుణ్ణి వదిలేసిందని నాన్న ఈ గడప తొక్కొద్దన్న పిన్ని. దాంతో మాట్లాడేవాళ్లు దాని దగ్గరికే పోవచ్చు అన్నాడప్పుడు. నాకు చెల్లెలే లేదనుకుంటాలెండి అంది అమ్మ.

ఇప్పుడేమో, ఏంటే ఆ జుట్టు, నాకంటే ముసలిదానివైపోయావు అంటోంది. పిన్ని ఏదో అంది. అమ్మ నోరంతా తెరిచి నవ్వింది. ఆవిడకి ఎడమవైపు ఒక పన్ను లేదని ఇవాళే తెలిసింది నాకు.

మెషిన్ అద్దంలోంచి కనిపిస్తోంది. లోపల ఒక్క బట్ట లేదు.

సాయంత్రం

సోమవారం మళ్లీ కూర్చుందాం అని మెయిల్ పెట్టారు కంపెనీవాళ్లు. ఇంకో ఛాన్స్ ఉండదట.

భోజనాల దగ్గర నాన్న అడిగాడు, ఆ ఫోన్ సంగతేంటని. అమ్మ చేతిలో గరిటె గిన్నె మీదే ఆగిపోయింది. నేనే వాడుతున్నా అన్నాను. ఎవరితో అన్నాడు. చెప్పను అన్నాను. అన్నయ్య కూడా నవ్వలేదు.

జూన్ 14

తెల్లారేసరికి రిపీటర్ నడవాలో ఉంది. మెషిన్ తిరగలేదు. అమ్మ నా మొహం చూడలేదు.

జూన్ 15, ఆదివారం

రిపీటర్ తీసుకెళ్లి మిక్సీ పక్కన పెట్టాను. ఇక అక్కడే ఉంటుంది. రేపటి ఇంటర్వ్యూ హాల్లో, నాన్న ఎదురుగా కూర్చుని ఇస్తాను.